సమందర్, సహ్రా, ఖండర్: ఒకే బాట మీద మూడు మంజిళ్లు

ఈ మధ్య మన ఇళ్లలో కొత్త రివాజు ఒకటి మొదలైంది. ఉమ్రాకు వెళ్లినవాళ్లు వస్తూ వస్తూ ఇంకో ముల్క్ కూడా చూసి వస్తున్నారు. కొందరు తుర్కీ, కొందరు మిస్ర్, కొందరు ఉర్దున్, అంటే జోర్డాన్. గల్ఫ్‌లో ఉన్న మన నిజామాబాద్, కరీంనగర్, కడప వాళ్లకైతే ఈద్ సెలవులు దొరికితే చాలు, కారులోనే సరిహద్దు దాటేస్తారు. మా ఖాందాన్‌లో కూడా ఈసారి ఆ మాట లేచింది. తబూక్‌లో కొలువు చేస్తున్న మా తమ్ముడు "భాయ్‌జాన్, ఉమ్రా అయ్యాక మా దగ్గరికొస్తే అఖబా ఎంతో దూరం లేదు" అన్నాడు. అంతే, ఇంట్లో ఫర్మాయిష్‌లు మొదలయ్యాయి.

పిల్లలకు సమందర్ కావాలి. మా ఆవిడకు రేగిస్తాన్‌లో గుడారం కావాలి, రాత్రి చుక్కలు చూడాలట. నాకు ఖండర్‌లు కావాలి. పాడుబడ్డ గోడ కనిపిస్తే చాలు, దాని తారీఖ్ ఏమిటని వెతుక్కునే రోగం నాది. మా అబ్బా ఒక్కరే ఏమీ అడగలేదు. పెట్రా పేరు వినగానే మాత్రం "అది అజాబ్ దిగిన ఊరు కదరా, పిల్లల్ని తీసుకుని అక్కడికి సైర్‌కి పోతామా?" అన్నారు.

ట్రావెల్స్‌వాళ్ల కాగితంలో ఇవన్నీ మూడు వేర్వేరు స్పాట్‌లు. అఖబాలో గాజు అడుగున్న పడవ, వాదీ రమ్‌లో జీపు, పెట్రాలో రెండు గంటలు. నక్షా ముందేసుకుని కూర్చుంటే నాకు ఇంకోటి కనిపించింది. ఇవి మూడు చోట్లు కావు. ఒకే బాట మీది మూడు మంజిళ్లు. సమందర్ లేకపోతే సహ్రాలో ఖాఫిలా లేదు, ఖాఫిలా లేకపోతే ఆ కొండల్లో షహర్ లేదు. అందుకే సామాను సర్దుకునే ముందు కొంచెం తారీఖ్ కూడా సర్దుకుందామని ఇది రాస్తున్నాను. ఇది వెళ్లొచ్చినవాడి సఫర్‌నామా కాదు, వెళ్లబోయేవాడి తయారీ.

ముందు అబ్బా సందేహం

ఇది మా అబ్బా ఒక్కరి సందేహం కాదు. మన మొహల్లాల్లో చాలామంది పెట్రాను, మదాయిన్ సాలిహ్‌ను ఒకటే అనుకుంటారు. ఫోటోల్లో రెండూ ఒకేలా ఉంటాయి మరి. ఎర్రటి కొండ, కొండను తొలిచిన దర్వాజా, పైన మెట్ల ఆకారంలో నగిషీ.

హిజ్ర్ అనే మదాయిన్ సాలిహ్ సౌదీలో అల్‌ఉలా దగ్గర ఉంది. హజ్రత్ సాలిహ్ అలైహిస్సలాం, సమూద్ ఖౌమ్ ఖిస్సా ముడిపడి ఉన్నది ఆ చోటుతో. హిజ్రీ 9లో, అంటే క్రీ.శ. 630లో, తబూక్ సఫర్‌లో రసూలుల్లాహ్ సల్లల్లాహు అలైహి వసల్లం ఆ దారిన వెళుతూ, ఆ ఇళ్లలోకి వేడుక చూసేవాళ్లలా వెళ్లవద్దని సహాబాను హెచ్చరించిన మాట హదీసుల్లో ఉంది. మా అబ్బా మనసులో ఉన్నది అదే. ఆ అదబ్ ఎక్కడికి పోయినా మంచిదే. కానీ పెట్రా హిజ్ర్ కాదు. రెండింటి మధ్య వందల కిలోమీటర్ల దూరం ఉంది.

పోలిక ఎందుకు వచ్చిందంటే, రెండు చోట్లా ఇప్పుడు నిలబడి ఉన్న కట్టడాలు నబతీ అరబ్బులవి. హిజ్ర్‌లోని మక్బరాల మీద చాలావాటికి కతబాలు ఉన్నాయి. ఎవరి కోసం తొలిచారో, ఏ రాజు కాలంలోనో వాటి మీదే రాసి ఉంది. అవి క్రీ.శ. ఒకటో శతాబ్దానివి. సమూద్ పేరేమో అంతకు చాలా ముందే తారీఖ్‌లో కనిపిస్తుంది. అసూరియా రాజు రెండో సర్గోన్ క్రీ.పూ. 715 నాటి తన రికార్డుల్లో తాను ఓడించిన అరబ్ కబీలాలలో సమూద్‌ను లెక్కపెట్టాడు. అంటే సమూద్‌వాళ్లు వేరు, ఇప్పుడు మనం చూసే మక్బరాలు తొలిచినవాళ్లు వేరు. నబతీలు ఏడు వందల ఏళ్ల తర్వాత వచ్చినవాళ్లు.

ఇదంతా చెప్పాక అబ్బా కొంచెం ఆలోచించి "అయితే ఈ నబతీలు ఎవరు?" అన్నారు. ఆ సవాల్‌కు జవాబు కావాలంటే సమందర్ దగ్గర మొదలుపెట్టాలి.

మొదటి మంజిల్: ఐలా అనే అఖబా

జోర్డాన్‌కు ఉన్న సమందర్ కినారా మొత్తం సుమారు 26 కిలోమీటర్లే. మన బాపట్ల జిల్లా తీరమంత కూడా లేదు. ఎర్ర సముద్రం పైకి పోయి రెండు పాయలు అవుతుంది కదా, కుడి పాయ కొసన ఉంది అఖబా. ఒడ్డున నిలబడితే ఎదురుగా ఇస్రాయీల్ చేతిలో ఉన్న ఐలాత్, ఆ పక్కన మిస్ర్ కొండలు, ఎడమవైపు సౌదీ తీరం కనిపిస్తాయి. నాలుగు ముల్కులు ఒక్క చూపులో.

పాత పేరు ఐలా. అఖబా అంటే అరబ్బీలో ఎక్కడం కష్టమైన కనుమ దారి. మిస్ర్ నుంచి హజ్‌కు వచ్చే ఖాఫిలాలు సీనా ఎడారి దాటి, ఈ కనుమ దిగి ఇక్కడికి చేరేవి. "అఖబత్ ఐలా" అనేవాళ్లు. కాలం గడిచేకొద్దీ ఊరి పేరు పోయి కనుమ పేరే ఊరికి మిగిలింది.

తబూక్ సఫర్ మాట చెప్పాను కదా. ఆ రోజుల్లోనే ఐలా పెద్ద యూహన్నా బిన్ రూబా అనే ఈసాయీ తబూక్‌కు వచ్చి సుల్హ్ చేసుకున్నాడు. ఏడాదికి మూడు వందల దీనార్లు జిజియా. బదులుగా వాళ్లకు రాసిచ్చిన అమాన్‌నామాలో ఉన్న సంగతి గమనించండి: వాళ్ల పడవలకూ అమాన్, ఖాఫిలాలకూ అమాన్, నీటి మీదా నేల మీదా. ఆ ఊరి రోజీ దేని మీద నడిచేదో ఆ ఒక్క కాగితం చెప్పేస్తుంది. పెట్రాకు దగ్గరగా ఉన్న అజ్రుహ్ అనే ఊరివాళ్లు కూడా అప్పుడే వచ్చి సుల్హ్ చేసుకున్నారు. అంటే మన టూర్ నక్షాలో ఉన్న ఇలాఖా అంతా ఆ ఒక్క సఫర్‌లో సీరత్‌లోకి వచ్చేసింది.

ఐలా గురించి తబరీ రాసిన ఇంకో ఖిస్సా నాకు చాలా ఇష్టం. హజ్రత్ ఉమర్ రజియల్లాహు అన్హు షామ్‌కు వెళుతూ ఇక్కడ ఆగారు. దూరపు సవారీ వల్ల వెనకవైపు చొక్కా చిరిగింది. ఉతికి కుట్టించమని ఆ ఊరి బిషప్‌కు ఇచ్చారు. ఆయన దాన్ని కుట్టించి, దానితోపాటు ఒక కొత్త చొక్కా కూడా తెచ్చిచ్చాడు. ఖలీఫా కొత్తది తిరిగి ఇచ్చేసి, ఇదే చెమట బాగా పీలుస్తుందని పాతదే తొడుక్కున్నారు.

పిల్లలు నీళ్లలో ఆడుకునే కినారాకు ఆనుకునే పాత ఐలా ఖండర్ ఉంది. షికాగో యూనివర్సిటీకి చెందిన డొనాల్డ్ విట్‌కాంబ్ 1986 నుంచి తవ్వించి బయటపెట్టాడు. నాలుగు వైపులా నాలుగు దర్వాజాలు, మధ్యలో కలిసే వీధులు, మస్జిద్. ఇస్లాం తొలి శతాబ్దంలో ఒక పద్ధతి ప్రకారం కట్టిన షహర్. చీనా నుంచి వచ్చిన గిన్నెల ముక్కలు కూడా దొరికాయి. 748లో ఒక జల్‌జలా, 1068లో ఇంకోటి ఆ ఊరిని దెబ్బతీశాయి. 1116లో సలీబీ ఫౌజులు వచ్చాయి. 1170లో సుల్తాన్ సలాహుద్దీన్ వాళ్ల దగ్గర నుంచి తిరిగి తీసుకున్నాడు. ఇప్పుడున్న ఖిలా మమ్లూక్‌ల కాలపు హజ్ సరాయి. 1917 జూలై 6న అరబ్ బగావత్ ఫౌజు తుర్కుల నుంచి అఖబాను గెలిచింది కూడా సమందర్ వైపు నుంచి కాదు, వెనక సహ్రా వైపు నుంచి వచ్చి. ఆ సహ్రాయే మన రెండో మంజిల్.

రెండో మంజిల్: వాదీ రమ్

అఖబా నుంచి గంట ప్రయాణం. ఎర్ర ఇసుక, అందులోంచి గోడల్లా లేచిన కొండలు. అందం సంగతి ఫోటోలు చెబుతాయి. నేను పిల్లలకు చూపించాలనుకుంటున్నది రాళ్ల మీది రాతలు. 2011లో యునెస్కో ఈ చోటును ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు లెక్క చెప్పింది: 25,000 బొమ్మలు, 20,000 కతబాలు. ఒంటెలు, వేటగాళ్లు, పేర్లు. రాసినవాళ్లు రాజులూ కవులూ కారు. గొర్రెలు కాచుకునేవాళ్లు, ఖాఫిలాతో పోయేవాళ్లు. నేను ఫలానా, ఫలానా కొడుకుని అని రాసుకున్నారు. చదువు మదర్సాల్లోనే పుడుతుందనుకునే మనకు ఇది కొంచెం ఆశ్చర్యం.

రమ్ కొండ కింద నబతీలు కట్టిన మందిరం ఒకటి ఉంది, లాత్ దేవతది. జాహిలియ్యా జమానా గురించి చదివేటప్పుడు లాత్, మనాత్, ఉజ్జా అని నేర్చుకుంటాం కదా, ఆ లాత్. అక్కడి కతబాల్లో ఈ చోటు పేరు "ఇరమ్" అని చదివినవాళ్లున్నారు. ఖురాన్‌లో వచ్చే ఆద్ ఖౌమ్ ఇరమ్ ఇదేనా, యమన్ వైపుదా అన్న బహస్ ముఫస్సిర్లలోనూ తారీఖ్‌వాళ్లలోనూ ఉంది. ఆ బహస్‌లోకి నేను పోను. గుడారంలో రాత్రి పడుకున్నప్పుడు పిల్లలు అడిగితే ఇది చెప్పొచ్చు: ఈ ఇసుకలో నీళ్లెక్కడ దొరుకుతాయో తెలిసినవాడే అప్పట్లో దౌలత్‌మంద్. నబతీల బలం కత్తి కన్నా ముందు అదే. బావి లోపల గది అంత విశాలంగా తొలిచి, పైన మూతి చిన్నగా ఉంచి, దాన్నీ కప్పేసి వాళ్లకే తెలిసే గుర్తు పెట్టుకునేవాళ్లని యూనానీ రచయిత డయోడోరస్ రాశాడు. తరుముకొచ్చిన ఫౌజు దాహంతో చచ్చేది, వీళ్లు హాయిగా బతికేవాళ్లు.

వాదీ రమ్‌కు పోయే దారిలో ఒక పాత రైల్వే స్టేషన్ కనిపిస్తుంది. హిజాజ్ రైల్వే నిజానికి డమాస్కస్ నుంచి మదీనాకు. సుల్తాన్ అబ్దుల్ హమీద్ 1900లో మొదలుపెట్టించాడు. 1904కు మఆన్ దాకా, 1908కు మదీనా దాకా పట్టాలు పడ్డాయి. దానికోసం దునియా అంతటా ముసల్మానులు చందాలు ఇచ్చారు. హిందుస్తాన్ నుంచి, మన దక్కన్ నుంచి కూడా పోయాయి. వాళ్లలో చాలామంది ఆ రైలు ఎక్కిందీ లేదు, చూసిందీ లేదు. హాజీల సఫర్ ఆసాన్ కావాలని ఇచ్చారు. ఆ స్టేషన్ దగ్గర ఒక్క ఐదు నిమిషాలు ఆగితే తప్పులేదు.

ఏ కాగితంలోనూ లేని మంజిల్: హుమైమా

ఇప్పుడు నేను ప్రోగ్రాంలో జిద్దుగా చేర్చిన చోటు. పెట్రాకు దక్షిణంగా సుమారు 45 కిలోమీటర్లు, అఖబాకు ఉత్తరంగా సుమారు 55 కిలోమీటర్లు. పేరు హుమైమా. టూర్ బస్సులు పెద్ద రోడ్డు మీద దూసుకుపోతాయి, ఎవరూ ఇటు తిరగరు.

ఈ ఊరిని కట్టింది కూడా నబతీలే. కొండల్లోని చష్మాల నుంచి సుమారు 27 కిలోమీటర్ల రాతి కాలువ వేసి నీళ్లు తెచ్చుకున్నారు. తర్వాత రూమీలు ఇక్కడ ఫౌజీ ఖిలా కట్టారు. ఆ తర్వాత, బనూ ఉమయ్యా హుకూమత్ రోజుల్లో, రసూలుల్లాహ్ చిన్నాన్న హజ్రత్ అబ్బాస్ మనవడు అలీ బిన్ అబ్దుల్లా ఈ ఊరు కొనుక్కుని వచ్చి స్థిరపడ్డాడు. ఇల్లు, మస్జిద్ కట్టుకున్నాడు. ఐదు వందల చెట్ల తోట వేశాడని, రోజూ ఒక్కో చెట్టు దగ్గర రెండేసి రకాత్‌లు చదివేవాడని పాత కితాబుల్లో ఉంది.

బయటికి చూస్తే తోట చూసుకుంటూ ఇబాదత్‌లో గడిపే ఖాందాన్. లోపల జరిగింది వేరు. హుమైమా షామ్ నుంచి హిజాజ్‌కు పోయే బాటలో ఉంది. దానివల్ల ఎవరు వచ్చినా శక్ రాదు. తాజిర్ల వేషంలో, హాజీల వేషంలో ఖురాసాన్ మనుషులు వచ్చి ఖబర్లు ఇచ్చి, హుకుం తీసుకుని పోయేవాళ్లు. అలీ కొడుకు ముహమ్మద్, మనవడు ఇబ్రాహీం కాలమంతా ఇదే నడిచింది. చివరికి ఉమవీ ఖలీఫా మర్వాన్‌కు సంగతి తెలిసి ఇబ్రాహీంను పట్టుకెళ్లాడు. ఆయన ఖైదులోనే చనిపోయాడు. మిగిలిన ఖాందాన్ రాత్రికి రాత్రి కూఫాకు పారిపోయింది. 749లో అక్కడే ఇబ్రాహీం తమ్ముడు అబుల్ అబ్బాస్ సఫ్ఫాహ్‌ను ఖలీఫాగా ప్రకటించారు. ఆయన తర్వాత వచ్చిన అన్న మన్సూర్ 762లో బగ్దాద్‌కు పునాది వేశాడు. అల్ఫ్ లైలా, బైతుల్ హిక్మా, హారూన్ రషీద్ అని మనం గొప్పగా చెప్పుకునే జమానా మొత్తానికి నాట్లు పడ్డది ఈ పల్లెలో.

1980ల్లో జాన్ ఒల్సన్ అనే కెనడా ఆర్కియాలజిస్ట్ ఇక్కడ తవ్వకాలు మొదలుపెట్టాడు. ఆ ఇల్లూ, దాని పక్కన చిన్న మస్జిదూ, చెక్కిన ఏనుగు దంతం ముక్కలూ బయటపడ్డాయి.

ఐలాకూ హుమైమాకూ మధ్య ఇంకో తీగ ఉంది. సుయూతీ తన తారీఖుల్ ఖులఫాలో ఒక రివాయత్ చెప్పాడు. రసూలుల్లాహ్ ఐలావాళ్లకు అమాన్‌నామాతోపాటు తన చాదర్ ఒకటి ఇచ్చారని, ఖలీఫా అయ్యాక సఫ్ఫాహ్ దాన్ని మూడు వందల దీనార్లకు కొన్నాడని, అబ్బాసీ ఖలీఫాలు భుజాన వేసుకున్న బుర్దా అదేనని. హుమైమాలో పెరిగిన కుర్రాడికి పక్కనున్న ఐలాలో ఏముందో తెలియకుండా ఉంటుందా?

పిల్లలకు ఇక్కడ చూడటానికి పెద్దగా ఏమీ ఉండదు. రాళ్లు, నీటి తొట్లు, గాలి. అయినా ఒక గంట ఆగాలనే నా పట్టు. పెద్ద ఖండర్ చూసి ఆశ్చర్యపోవడం ఎవరికైనా వస్తుంది. ఏమీ మిగలని చోట నిలబడి ఏం జరిగిందో ఊహించడం నేర్పాలి.

మూడో మంజిల్: పెట్రా

వాదీ మూసా అనే ఊళ్లో దిగాలి. ఊరి మొదట్లో ఐన్ మూసా అనే చష్మా ఉంది. హజ్రత్ మూసా అలైహిస్సలాం అసా కొడితే నీళ్లు పొంగిన చోటు అదేనని అక్కడివాళ్ల నమ్మకం. నబతీలు ఆ నీళ్లనే పెట్రాకు తెచ్చుకున్నారు. సీఖ్ అనే ఇరుకు దారి 1.2 కిలోమీటర్లు. రెండు వైపులా ఆకాశాన్ని కప్పేసే కొండ. అందరూ పైకే చూస్తారు, నేను పిల్లలను గోడల మొదట్లో చూడమంటాను. ఒకవైపు రాతిలో తొలిచిన కాలువ, ఇంకోవైపు మట్టి గొట్టాల దారి కనిపిస్తాయి. గోల్కొండలో కోట పైకి నీళ్లెక్కించిన మట్టి గొట్టాలు చూసిన మన పిల్లలకు ఇది తొందరగా అర్థమవుతుంది. వాన పడితే వరద సీఖ్‌లోకి దూరకుండా నబతీలు ముందే కట్ట వేసి, పక్క కొండలో సొరంగం తవ్వి మళ్లించారు. కాలక్రమంలో కట్ట పాడైంది. 1963లో ఒక్కసారిగా వచ్చిన వరదలో ఫ్రాన్స్ నుంచి వచ్చిన యాత్రికులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ తర్వాత హుకూమత్ నబతీల చోటులోనే మళ్లీ కట్ట కట్టింది.

సీఖ్ దాటగానే ఎదురయ్యేది ఖజ్నా. సుమారు 40 మీటర్ల ఎత్తు. దౌలత్ దాచారని పేరు వచ్చింది, నిజానికి అది ఒక రాజు మక్బరా అని పండితుల మాట. నాలుగో అరితాస్ కాలానిదంటారు. ఈయన క్రీ.పూ. 9 నుంచి క్రీ.శ. 40 దాకా ఏలాడు. అరితాస్ అన్నది యూనానీలు పలికిన తీరు, అసలు పేరు హారిసా. ఇంకో రాజు మాలికస్ అంటే మాలిక్. మన మొహల్లాలో పిలిస్తే పలికే పేర్లే.

ఈ దౌలత్ ఎక్కడిది? యమన్, ఉమాన్ వైపు చెట్ల నుంచి కారే లోబాన్, ముర్ అనే సుగంధ బంకలు. రూమ్‌లో, మిస్ర్‌లో మందిరాలకూ జనాజాలకూ అవి లేకపోతే పని జరగదు. ఒంటెల మీద వచ్చే ఆ సరుకుకు దారి, నీళ్లు, కాపలా ఇచ్చి మహసూల్ తీసుకున్నవాళ్లు నబతీలు. మొదట్లో వీళ్లు ఇల్లు కట్టుకోకూడదు, పంట వేయకూడదు, షరాబ్ ముట్టకూడదు, మీరితే మరణశిక్ష అని ఖానూన్ పెట్టుకున్న జనమని డయోడోరస్ రాశాడు. ఇల్లున్నవాణ్ని బెదిరించడం తేలిక అని వాళ్ల లెక్క. క్రీ.పూ. 312లో సికందర్ సర్దార్లలో ఒకడైన ఆంటిగోనస్ ఫౌజు, మగవాళ్లు సంతకు పోయిన వేళ చూసి వాళ్ల కొండమీద పడి లోబాన్, వెండి దోచుకుపోయింది. నబతీలు వెంటాడి ఆ ఫౌజును దాదాపు తుడిచిపెట్టారు. తర్వాత కూర్చుని ఆంటిగోనస్‌కు ఖత్ రాశారు, తప్పు మీవాళ్లదేనని.

అదే జనం మూడు నాలుగు వందల ఏళ్లకు కొండలు తొలిచి షహర్ కట్టారు. ఇల్లు వద్దన్నవాళ్లు మక్బరాలకు అంత కష్టపడ్డారు.

సమందర్ బాట మార్చింది

మరి పెట్రా ఎందుకు పడిపోయింది? అజాబ్ వల్లా, జల్‌జలా వల్లా అని అడుగుతారు. జల్‌జలాలు వచ్చాయి, 363లో వచ్చింది పెద్దది. కానీ అంతకు ముందే లోపల నుంచి బలహీనమైంది. మౌసమీ హవాలు పట్టుకుని మిస్ర్ రేవుల నుంచి జహాజులు నేరుగా యమన్‌కూ హిందుస్తాన్‌కూ పోవడం పెరిగింది. ఒంటె మీద నెలల తరబడి తెచ్చే సరుకు పడవలో వచ్చేస్తే సహ్రా బాటకు పని తగ్గింది. 106లో రూమ్ ఈ రాజ్యాన్ని కలిపేసుకుంది. ట్రాజన్ చక్రవర్తి బుస్రా నుంచి ఐలా దాకా కొత్త రోడ్డు వేయించాడు. బుస్రా పెరిగింది, ఇంకోవైపు పాల్మీరా పెరిగింది, పెట్రా మెల్లగా వెనకబడింది.

ఇక్కడ మన తెలుగు నేల కూడా కథలోకి వస్తుంది. క్రీ.శ. ఒకటో శతాబ్దంలో ఒక యూనానీ నావికుడు ఎర్ర సముద్రం నుంచి హిందుస్తాన్ దాకా రేవుల జాబితా రాసిపెట్టాడు. పెరిప్లస్ అంటారు దాన్ని. అందులో ఒకచోట ఎర్ర సముద్రపు రేవు నుంచి నబతీల రాజు మాలికస్ ఉండే పెట్రాకు దారి ఉందని ఉంది. అదే కితాబులో ఇంకోచోట మసాలియా అనే తీరం పేరు ఉంది, అక్కడ సన్నని బట్ట బాగా నేస్తారని. మసాలియా అంటే మన కృష్ణా ముఖద్వారం, మచిలీపట్నం వైపు తీరం. మన నేతగాళ్లూ, పెట్రా రాజూ ఒకే కితాబులో ఉన్నారు. పెట్రాను ముంచిన సమందర్ బాటే మన బట్టను ముందుకు తీసుకెళ్లింది.

పెట్రా ఒక్కరోజులో చచ్చిపోలేదు కూడా. 1993లో అక్కడి పాత చర్చిలో కాలిపోయిన కాగితాల చుట్టలు, సుమారు 140, దొరికాయి. ఆరో శతాబ్దానివి. ఒక ఖాందాన్ దస్తావేజులు: ఎవరి తోట ఎవరికి, ఎవరి వాటా ఎంత, పెళ్లిలో ఇచ్చిన కట్నం ఎంత. ఖజ్నా కంటే ఈ కాగితాలు నాకు దగ్గరగా అనిపించాయి. మన ఇళ్లలో ట్రంకుపెట్టె అడుగున ఉండేవీ ఇవే కదా.

అలిఫ్ దారి

నా చదువు ఉర్దూ మీడియంలో మొదలైంది. తర్వాత డిగ్రీ తెలుగులో చేశాను. అందుకని లిపి మాట వస్తే ఆగిపోతాను. నబతీలు ఇంట్లో మాట్లాడింది అరబ్బీ లాంటి భాష, రాసింది ఆరామీ లిపి. ఆంటిగోనస్‌కు పంపిన ఖత్ కూడా ఆ లిపిలోనిదే. వందల ఏళ్లు తొందర తొందరగా రాస్తూ రాస్తూ అక్షరాలు ఒకదానికొకటి అంటుకున్నాయి. 328 నాటి నమారా కతబాలో లిపి నబతీది, భాష అరబ్బీ. ఆ రాయి ఇప్పుడు పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉంది. ఆ లిపి నుంచే అరబ్బీ రాత ఏర్పడిందని ఇవాళ చాలామంది పండితుల మాట. అరబ్బీ నుంచి ఫార్సీ, ఫార్సీ నుంచి ఉర్దూ. నేను పలక మీద దిద్దిన అలిఫ్ బే ఈ ఖాఫిలా బాట మీదుగా వచ్చింది.

మా పిల్లలు ఇంగ్లీష్ మీడియం. ఖురాన్ చదువుతారు, ఉర్దూ రాయరు. మీ ఇళ్లలో కూడా ఇదే హాల్ ఉండొచ్చు. నాకు భయం ఏమిటంటే, ఊరు పాడుబడినా లిపి బతికింది; మన దగ్గర ఇళ్లు పెరుగుతున్నాయి, లిపి పోతోంది. పెట్రాలో నబతీ కతబా ముందు నిలబెట్టి, దీనికీ మీ దాదీ ఖత్‌లకూ చుట్టరికం ఉందని చెబితే, ఒక్కడైనా తిరిగొచ్చాక ఆ ఖత్ చదవాలనుకుంటాడని ఆశ.

"కనుక్కున్నారు" అనే మాట

గైడ్లు తప్పకుండా చెప్పే మాట ఒకటుంది: పోయిన పెట్రాను 1812లో స్విట్జర్లాండ్‌వాడు బుర్క్‌హార్ట్ కనుక్కున్నాడు. ఆయన షేఖ్ ఇబ్రాహీం అనే పేరుతో అరబ్ వేషంలో తిరిగాడు. దగ్గరున్న కొండ మీద హజ్రత్ హారూన్ అలైహిస్సలాం మజార్ దగ్గర మేకను ఖుర్బానీ ఇవ్వాలని మొక్కుకున్నానని చెప్పి, అక్కడి మనిషిని వెంటబెట్టుకుని ఈ ఖండర్‌ల మధ్య నుంచి నడిచాడు. ఆలోచించండి. దారి చూపించేవాడు ఉన్నాడు, జియారత్ ఉంది, మొక్కుబడి ఉంది. మరి పోయింది ఎవరికి? 1276లో సుల్తాన్ బైబర్స్ కాహిరా నుంచి కరక్‌కు పోతూ ఇదే ఖండర్ గుండా వెళ్లిన సంగతి మమ్లూక్‌ల తారీఖ్‌లో రాసి ఉంది. యూరప్‌కు తెలియంది దునియాకే తెలియదన్నట్టు రాసుకున్నారు. ఆ గుహల్లో కాపురం ఉన్న బద్దూ కుటుంబాలనైతే 1980ల్లో బయటకు పంపి పక్కన ఊరు కట్టి ఇచ్చారు. ఇప్పుడు గాడిద మీద ఎక్కించుకునేవాడూ, పూసలు అమ్మే అమ్మాయీ వాళ్ల పిల్లలే. బేరమాడేటప్పుడు అది గుర్తుండాలి.

మా ప్రోగ్రాం

మొత్తం ఐదు రాత్రులు. అఖబాలో రెండు, వాదీ రమ్‌లో ఒకటి, మధ్యలో హుమైమా, వాదీ మూసాలో రెండు. దూరాలు భయపడేంత లేవు. రమ్ నుంచి పెట్రాకు సుమారు రెండు గంటలు, పెట్రా నుంచి అమ్మాన్ మూడు గంటల పైన. తిరుగు విమానం అమ్మాన్ నుంచి. అందరూ పెట్రాతో మొదలుపెట్టి సమందర్‌తో ముగిస్తారు, అలసట తీరుతుందని. నేను తిప్పి రాశాను. సరుకు వచ్చినవైపు నుంచి మనమూ వస్తేనే కథ అర్థమవుతుంది.

నెల అక్టోబర్ చివర గానీ మార్చి గానీ. వేసవిలో ముసలివాళ్లతో ఆ ఎండకు పోకూడదు. చలికాలం వానల్లో సీఖ్‌కు వరద భయం ఉంటుంది. పెట్రాకు రెండు గంటలు చాలవు, రెండు రోజులు ఉండాలి. వీసా ఫీజు, పెట్రా టికెట్ కలిపి ఇచ్చే జోర్డాన్ పాస్ మూడు రాత్రులు ఉండేవాళ్లకు లాభం. ధరలు, షరతులు మారుతుంటాయి కాబట్టి బయల్దేరే ముందు వాళ్ల సర్కారీ సైట్‌లో చూసుకోవాలి. దైర్ దాకా ఎనిమిది వందలకు పైగా మెట్లు. అబ్బాను కింద చెట్టునీడన కూర్చోబెట్టి మేం ఎక్కుతాం.

అబ్బా ఒప్పుకున్నారా అంటే, సగం. "హారూన్ అలైహిస్సలాం మజార్ ఉన్న కొండ కింద నుంచే కనిపిస్తుందా?" అని అడిగారు. కనిపిస్తుందన్నాను. "అయితే టికెట్లు చూడు" అన్నారు. ఖండర్‌ల మధ్య నవ్వుతూ ఫోటోలు దిగొద్దని పిల్లలకు ముందే చెప్పమన్నారు. చెప్పాను. వాళ్లు వింటారో లేదో అక్కడ తేలుతుంది. తమ్ముడి సెలవు ఖాయం కావడమే మిగిలింది, ఇన్షా అల్లాహ్.